ఫర్నేసు వేళలూ కరెంటు వేళలూ

సంపాదకులకు నమస్కారం.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో హీట్ ట్రీట్‌మెంట్ (లోహపు భాగాలను కొలిమిలో కాల్చి గట్టిపరచడం) చేసే ఒక చిన్న కర్మాగారంలో నేను షిఫ్టు ఇన్‌చార్జిని. ఉత్పత్తి ప్రణాళికకూ కరెంటుకూ పొంతన లేక జరుగుతున్న నష్టాన్ని మీ పత్రిక ద్వారా తోటివారి దృష్టికి తేదలచాను.

ఏ రోజు ఏ సరుకు తీయాలో మా ప్లానింగ్ విభాగం డిస్పాచ్ తేదీలను బట్టి నిర్ణయిస్తుంది. ఆ కాగితం ఎలక్ట్రీషియన్ దాకా రాదు. ఉదయం 6 గంటలకు షిఫ్టు ఎక్కగానే చల్లబడి ఉన్న ఫర్నేసులు, కంప్రెసర్లు, గ్రైండర్లు అన్నీ ఒక్కసారే ఆన్ చేస్తాం. హెచ్‌టీ (హై టెన్షన్) లైన్ తీసుకున్న మావంటి వినియోగదారులకు యూనిట్‌పై రూపాయి అదనంగా పడే వేళ సరిగ్గా అప్పుడే మొదలై 10 గంటల వరకు ఉంటుంది. పైగా ఆ కాసేపట్లో ఎగబాకిన గరిష్ఠ డిమాండుకు, అంటే ఒకేసారి లాగిన అత్యధిక కరెంటుకు, నెలంతటికీ చార్జీ కట్టవలసి వస్తుంది. ఫర్నేసు కరెంటును ఎక్కువగా లాగేది వేడెక్కేటప్పుడే; 900 డిగ్రీలు దాటి నిలకడకు వచ్చాక కొద్దిపాటితో సరిపెట్టుకుంటుంది. కనుక రాత్రి వేళ యూనిట్‌పై ఇచ్చే రాయితీ ఇంకా ఉండగానే, తెల్లవారుజామున 4 గంటలకు ఒక మనిషి వచ్చి దాన్ని ఆన్ చేసి, గ్రైండింగ్‌ను షెడ్డు పైనున్న సోలార్ పుంజుకునే 11 గంటల తర్వాతకు జరిపితే చాలు.

మొన్న ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం లైన్ పోయింది. ఎండ నిప్పులు చెరుగుతున్నా సోలార్ కూడా ఆగిపోయింది. లైన్‌మెన్ ప్రాణాలకు ముప్పు రాకుండా, బయటి లైన్ (గ్రిడ్) పోతే సోలార్ కరెంటును మార్చి ఇచ్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుందని మా యజమానికి ఆ రోజే తెలిసింది. కంప్రెసర్ లోడు కూడా మీద పడటంతో జనరేటర్ ట్రిప్పయి, ఫర్నేసులోని గేర్లు చల్లారిపోయాయి. సంజాయిషీ మాత్రం నన్నే అడిగారు.

జనరేటర్‌తో జతకలిసి నడిచేలా సింక్రొనైజ్ చేయిస్తే సోలార్ తిరిగి పనిచేస్తుంది గానీ, జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు మిగిలి ఉండేలా చూసుకోవాలి. అందుకే కరెంటు పోయినప్పుడు ఏ యంత్రం నడవాలో, ఏది ఆగాలో ప్లానింగ్ కాగితంలోనే రాసి ఉండాలి.

2012, 2013లో పవర్ హాలిడేలు (పరిశ్రమలకు కరెంటు ఆపేసే రోజులు) ఉన్న రోజుల్లో ప్రణాళిక అంతా కరెంటును బట్టే సాగేది. సరఫరా మెరుగుపడ్డాక ఆ అలవాటు తప్పింది. ఫీడర్ (మా వాడకు కరెంటు తెచ్చే లైన్) మరమ్మతుల వేళలను విద్యుత్ అధికారులు ముందురోజు మధ్యాహ్నానికే తెలియజేస్తే, సాయంత్రం ప్లానింగ్ వారు ఎలక్ట్రీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మరుసటి రోజు వరుసను ఖరారు చేసుకోగలుగుతారు.

ఇట్లు
ఒక షిఫ్టు ఇన్‌చార్జి,
జీడిమెట్ల, హైదరాబాద్