నూనె ప్యాకెట్‌పై ఆ రెండు అక్షరాలు ఏవి?

ఎడిటర్ గారికి,

మొన్న ఎంవీపీ కాలనీ రైతుబజార్ నుంచి వస్తూ పక్క కొట్లో పత్తిగింజల నూనె ప్యాకెట్ తీసి, అక్షరాలు మరీ చిన్నవి కావడంతో ఫోన్ లైటు వేసి మరీ చదివాను. పచ్చచుక్క ఉంది, విటమిన్ల పేర్లున్నాయి, జన్యుమార్పిడి మాట మాత్రం ఎక్కడా లేదు.

మన దేశంలో బీటీ పత్తికి, అంటే పురుగును తట్టుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తికి, 2002లో అనుమతిచ్చారు, ఇప్పుడు పండే పత్తిలో 90 శాతానికి పైగా అదే. ఆ గింజల నూనే మన వంటింట్లోకి వస్తోంది. జన్యుమార్పిడి ఆహారం ప్యాకెట్ పైభాగాన 'జీఎం' అని వేయాలని 2013 జనవరి 1 నుంచే రూలు ఉంది కదా, మరి ఎందుకు కనిపించదు?

శుద్ధి చేసిన నూనెలో ఆ జన్యువు, ప్రొటీన్ దాదాపు మిగలవని శాస్త్రవేత్తలు చెబుతారు, ఆ మాట నేను నమ్ముతాను కూడా. ఈ నూనె విషమని నేననడం లేదు. కానీ ప్రమాదం లేకపోతే ముద్రించడానికి భయమెందుకండీ? అలాగే జన్యువు మార్చిన బీటీ వంకాయను 2010లో ఆపే ముందు ఏడు నగరాల్లో సభలు పెట్టి జనాన్ని అడిగారు, నూనె విషయంలో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆహార భద్రతా సంస్థ 2021లో ముసాయిదా పెట్టింది, ఆహారంలో జన్యుమార్పిడి పదార్థం ఒక శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే లేబుల్ ఉండాలంది. దాన్ని త్వరగా తేల్చండి, అక్షరాలు తెలుగులో, కళ్లజోడు లేకుండా చదివేంత పెద్దగా వేయించండి.

– ఒక గృహిణి, విశాఖపట్నం