మ్యూజిడోరా తీసిన సినిమాలూ చూపించండి

పారిస్‌లో పాత సినిమాలు భద్రపరిచే సినిమాథెక్ ఫ్రాన్సేజ్ సంస్థ డైరెక్టర్ గారికి,

నమస్కారం. ఫ్రెంచ్ మూకీల నటి మ్యూజిడోరా అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది 1915లో మొదలైన ‘లే వాంపీర్’ సీరియల్లో ఒంటికి అతుక్కున్న నల్లదుస్తుల దొంగ ఇర్మా వెప్. దాని దర్శకుడు లూయీ ఫుయాడ్ పనితనం గొప్పదే, కాదనను. కానీ ఆవిడ మెగాఫోన్ కూడా పట్టారండీ! స్పెయిన్ వెళ్లి, 1922లో ‘సొలేయ్ ఏ ఓంబ్ర్’కి జాక్ లాసేన్‌తో కలిసి దర్శకత్వం వహించి, అందులో ద్విపాత్రాభినయం చేశారు. 1924లో ‘లా తేర్ దే తోరో’ తీశారు. ఆ ధైర్యం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

తర్వాత మీ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆన్రీ లాంగ్లవా హయాంలో మీ దగ్గరే పనిచేశారు. 1957లో కన్నుమూశారు.

ఆవిడ డైరెక్ట్ చేసిన వాటిలో పాడవకుండా ఇప్పటికీ మిగిలి ఉన్నవన్నీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఆన్‌లైన్‌లో ఎప్పుడూ ఉచితంగా దొరికేలా చూడండి. మూకీలే కదా, టైటిల్ కార్డులు అర్థమైతే చాలు, హైదరాబాద్‌లో కూర్చుని మేమూ చూసుకుంటాం.

ఇట్లు,
ఒక తెలుగు సినిమా అభిమాని