కందికి ట్రైకో కార్డు కట్టమనే ముందు

సంపాదకులకు నమస్కారం.

కందిలో కాయతొలుచు పురుగుకు ట్రైకో కార్డులు, అంటే ఆ పురుగు గుడ్లను చంపే బుల్లి కందిరీగలను పెంచిన అట్టలు, కట్టమని మీ రైతు పేజీలో రాశారు. పురుగును పురుగుతోనే చంపించాలంటే నాకు ఇష్టమే. ఆ కార్డులు చేసే ల్యాబ్‌లోనే పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తాండూరు దగ్గర మాకున్న కాస్త నేలలో వానాకాలం కంది, యాసంగిలో శనగ వేస్తున్నాం. అందుకే ఆ సలహా చదివి ఊరుకోలేకపోయాను.

కార్డు వెనక ఎంత పనుంటుందో చాలామందికి తెలియదు. సజ్జలు పగలగొట్టి, వేరుశనగ పొడి, కొంచెం ఈస్టు కలిపి ట్రేలలో పోస్తాం. బియ్యంలో గూడు కట్టే పురుగు ఉంటుందే, దాన్ని అందులో పెంచుతాం. రెక్కలొచ్చాక పట్టి గుడ్లు పెట్టించి, జల్లెడ పట్టి, జిగురు రాసిన అట్ట మీద చల్లుతాం. ఒక సీసీ గుడ్లంటే ఇంచుమించు 20 వేలు. ముందు వాటిని అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టాలి, లేకపోతే పిల్లలు పుట్టి పక్క గుడ్లను తినేస్తాయి. ఆ తర్వాత ట్రైకోగ్రామా బదనికలను (వేరే పురుగుల మీద బతికి వాటిని చంపేవాటిని బదనికలంటాం) వదులుతాం. కందిరీగ జాతే గాని మనుషులను కుట్టదు, కంటికి ఆనీ ఆననంత ఉంటుంది. అది తన గుడ్డును ఈ గుడ్లలో పెడుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్లు నల్లబడతాయి, వారం దాటేసరికి కొత్త బదనికలు బయటికొస్తాయి. ఈ పనిలో రాలే రెక్కల పొడి ముక్కులోకి పోయి మాలో కొందరికి ఆయాసం పట్టుకుంది. ఎవరూ రాయరు కాబట్టి ఆ ముక్క నేను రాస్తున్నాను.

చెరకులో, మొక్కజొన్నలో ఈ కార్డులు పనికొస్తాయి. వరికి వేరే రకం ఉంది. కంది దగ్గరే చిక్కు. పూత, పిందెల మీద నూగు ఉంటుంది, తెంపితే వేళ్లకు జిగురు అంటుతుంది. కాయ తొలిచే ఈ శనగపచ్చ పురుగు తల్లి ఎక్కువగా అక్కడే గుడ్లు పెడుతుంది. బదనిక ఆ నూగులో నడవలేదు, జిగురుకు అతుక్కుపోతుంది. ఆకుల మీది గుడ్లను కొంత పట్టుకోగలదు గాని, పిందె దగ్గర దాని ఆట సాగదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1990లలోనే ఈ సంగతి పరీక్షించి చూశారు. శనగలోనూ ఇదే కథ, అక్కడ అడ్డం పడేది ఆకుల మీది పులుపు. చిత్రమేమిటంటే, ఇదే శనగపచ్చ పురుగు జొన్న కంకి మీద గుడ్లు పెడితే ఇదే బదనిక వాటిని బాగా పట్టేస్తుంది. అయితే కందిలో జొన్న కలిపి వేస్తే సరి అనొచ్చు. వేయండి, పక్షులైనా వాలతాయి. కానీ కంది పూతకొచ్చేసరికి జొన్న కోతలు అయిపోతాయి కదా!

శనగలో మాత్రం మనం కొనక్కర్లేని బదనిక ఒకటుంది. పేరు కాంపోలెటిస్, నల్లగా సన్నగా ఉంటుంది. పురుగు చిన్నగా ఉన్నప్పుడే దాని ఒంట్లో గుడ్డు పెట్టిపోతుంది. పిల్ల లోపలే తిని పెరిగి, ఆ పురుగు కాయలు తొలిచే వయసుకు రాకముందే చంపి, బయటికొచ్చి గూడు అల్లుకుంటుంది. ఆకు మీద వడ్లగింజంత బూడిదరంగు గూడు, పక్కనే ఎండిన పురుగు తోలు కనిపించాయంటే అదే. మా చుట్టుపక్కల కొందరు దాన్ని కూడా పురుగు గుడ్డే అనుకుని పంపు భుజానికెత్తుతారు. ఆ మొదటి మందుకు బలయ్యేది ముందు ఈ బదనికే. పురుగు మరీ ఎక్కువైతే మందు తప్పదు, నాకూ తెలుసు. కానీ మొక్క జానెడు లేకముందే, పక్కవాడు కొట్టాడని టెన్షన్ పడి కొట్టడం దేనికి?

కందిలో కాంపోలెటిస్ తక్కువే. అక్కడ పూత మొదలవగానే మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలే స్థావరాలు పెట్టి, పురుగు చిన్నగా ఉండగానే సాయంత్రం పూట ఎన్‌పీవీ (పురుగుకు జబ్బు తెచ్చి చంపే వైరస్) ద్రావణం కొట్టుకోవడం మేలు. మా అత్తగారి కాలంలో దుప్పటి పరిచి కంది చెట్లు దులిపి, రాలిన పురుగులు కోళ్లకు వేసేవారు. కూలీలు దొరికే చోట అదీ చేయొచ్చు.

కార్డుల గురించి ఇంకో మాట. ఎండలో బస్సు డిక్కీలో తిరిగి వచ్చిన కార్డులోంచి బదనికలు కవరులోనే బయటికొచ్చి చచ్చిపోవడం నేను చూశాను. నల్లటి గుడ్లకు సన్న బెజ్జాలు పడ్డాయంటే లోపలివి వెళ్లిపోయినట్టే, డబ్బులివ్వకండి. తయారైన తేదీ, ఏ పంటకు, ఎన్నాళ్లలో కట్టాలి అన్నది ప్రతి కార్డు మీద తెలుగులో ముద్రించాలని వ్యవసాయ శాఖ నిబంధన పెట్టాలి. మీరూ సలహా రాసేటప్పుడు పంట పంటకూ విడిగా రాయండి.

నవంబరులో శనగ మొలకలు లేచే వేళకు ఆ కాంపోలెటిస్ గూడు ఫొటో ఒకటి రంగుల్లో, పెద్దదిగా మీ రైతు పేజీలో వేయగలరా? అది గుర్తుపట్టినవాళ్లలో కొందరైనా మొదటి మందు ఒక వారం ఆపుతారు.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ సహాయకురాలు,
తాండూరు, వికారాబాద్ జిల్లా