సోమవారం అర్జీల దగ్గర పీఎల్‌వీలకి ఒక బల్ల వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వాలంటీర్ అంటే మన దగ్గర అందరికీ 2019లో వచ్చిన, పింఛన్లు తెచ్చిచ్చిన వాలంటీర్లే గుర్తొస్తారు, కానీ అంతకు పదేళ్ళ ముందే 2009లో ఇంకో రకం వాలంటీర్లు వచ్చినారు, పారా లీగల్ వాలంటీర్లు అని, పీఎల్‌వీలు అంటారు, చట్టం తెలీనోళ్ళకి ఉచిత న్యాయ సహాయం దాకా దారి చూపించేది వీళ్ళే. వాళ్ళ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నా.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఆమెది చంద్రగిరి దగ్గర పల్లె. మొగుడు పోయినాక మామిడి తోటలో భాగం ఇవ్వనని మరిది అడ్డం తిరిగినాడు. ఆమెకి చదువు రాదు. ఒక ఆఫీసు బయట అర్జీలు రాసే ఆయన దగ్గరికి మూడుసార్లు పోయింది, పోయిన ప్రతిసారీ డబ్బులు తీసుకున్నాడు, ఒక్క కాగితం చేతికి రాలేదు. లాయర్ కోసం కమ్మలు కుదవ పెడదామనుకునింది. అప్పుడు ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్, ఆమె పీఎల్‌వీ కూడా, ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చొని అంతా విని, తెల్ల కాగితం మీద ఒకటే పేజీ రాసి, గట్టిగా రెండుసార్లు చదివి, "తప్పుంటే చెప్పు పెద్దమ్మా, కొట్టేసి మళ్ళీ రాస్తా" అనింది. ఆ తర్వాతే వేలిముద్ర. ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్‌ని ఇస్తారని మాకు ఆ పొద్దే తెలిసింది. కోర్టులో కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో రాజీ అయింది, ఆ అవార్డు, అంటే రాజీ తీర్పు, దాని కాపీకి ల్యామినేషన్ చేయించి బీరువాలో చీరల మడతలో పెట్టుకోనుండాది.

ఇది ఎవరో దయ తలచి ఇచ్చింది కాదండి. పేదోళ్ళకి ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1976లోనే 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చినారు, సుప్రీంకోర్టు జడ్జీలు జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ భగవతి లాంటోళ్ళు దీని కోసం చాలా కష్టపడినారు, న్యాయ సేవల చట్టం 1987లో వచ్చింది కానీ అమల్లోకి వచ్చేసరికి 1995 నవంబర్ 9 అయింది, ఎనిమిదేళ్ళు ఊరికే కాగితం మీద ఉండిపోయింది. అమలైనాక కూడా కోర్టు మెట్లంటేనే బెదిరేవాళ్ళు దాని దగ్గరికి ఎట్లా పోతారు? అందుకే నల్సా, అంటే జాతీయ న్యాయ సేవల సంస్థ, ఈ పీఎల్‌వీ స్కీమ్ పెట్టింది. లాయరే అయుండాలని లేదు, టీచర్లు, అంగన్‌వాడీ వాళ్ళు, లా చదివే పిల్లలు, జైల్లో ఉండే చదువుకున్న ఖైదీలు కూడా ట్రైనింగ్ తీసుకొని చేయొచ్చు. నా లెక్కలో ఆ చట్టాన్ని మా అరుగు దాకా తెచ్చింది వీళ్ళే.

పోయిన నెల, అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే ఒక సోమవారం నేను అర్జీ ఇచ్చేదానికి పోయినా. నా ముందు నిలబడిన ముసలాయన పొలం గట్టు తగాదా అని కాగితం ఇస్తే, ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకి పో అని పంపేసినారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని యాడికి పోవాలో తెలీక బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చని ఆయనకి చెప్పినోళ్ళు లేరు, నేనే ఆ కాగితం వెనక నెంబర్ రాసిచ్చినా.

అందుకే అధికారులకి మీ పేపర్ ద్వారా అడిగేది ఒకటే, తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల్లోనూ ప్రతి సోమవారం అర్జీలు తీసుకునే చోట ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పీఎల్‌వీ ఉండాలి. ఆ బల్ల గేటు దగ్గరే వేయండి, లోపల రూములో వద్దు, లోపలికి పోయేదానికే మావాళ్ళు భయపడతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి