పిల్లల ఆటస్థలాల్లో మద్యానికి అనుమతులు ఇవ్వకండి: ఎక్సైజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఎక్సైజ్, పర్యాటక శాఖల మంత్రి శ్రీ జూపల్లి కృష్ణారావు గారికి,

నమస్కారం. నేను మియాపూర్‌లో ఉండే ఇద్దరు పిల్లల తల్లిని. గేమ్ జోన్లు, ట్రాంపోలిన్ పార్కులు, ప్లే ఏరియాలు, ఇలా పిల్లల కోసమే నడిచే చోట్ల పెద్దలకు మద్యం పోయడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వకూడదని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఎక్సైజ్, పర్యాటకం రెండూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ అర్జీని ఇంకో శాఖకు పంపాల్సిన పని కూడా లేదు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను మద్యనిషేధం అడగడం లేదు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం 1993లో సారా నిషేధం తెచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది, 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఆ చర్చను మళ్లీ తిరగదోడటం నా ఉద్దేశం కాదు. మా ఇళ్లలోనూ దసరాకు, బోనాలకు దావత్ ఉంటుంది. కల్లు ఉంటుంది, మందు ఉంటుంది. తాగేవాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలున్నాయి, బార్లు, పబ్బులు వాటికి అదనం. తాగాలనుకున్న మనిషికి చోటు కరువేమీ లేదు.

ఆడుకోవాలనుకున్న పిల్లలకే చోటు లేదు. మా అపార్ట్‌మెంట్లో సెల్లార్ నిండా కార్లు, టెర్రస్‌కు తాళం. వెనక ఉన్న ఖాళీ జాగాలో ఇప్పుడు ఇంకో అపార్ట్‌మెంట్ లేస్తోంది. అందుకే ఆదివారం వస్తే గంటకింత అని టికెట్ కొని పిల్లల్ని ఆడుకోవడానికి తీసుకెళ్తున్నాం. పుట్టినరోజులు కూడా అక్కడే చేస్తున్నాం. కేకు, పిజ్జా, రిటర్న్ గిఫ్టులు, గంటన్నర ఆట, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. దీన్ని నేను తప్పుపట్టను. ఎండాకాలంలో పిల్లలు చెమట పట్టేదాకా గెంతే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ ఈమధ్య ఆ ప్యాకేజీలో పెద్దల వాటా వచ్చి చేరుతోంది. కొన్నిచోట్ల బౌలింగ్ లేన్ల పక్కనే బార్ కౌంటర్ ఉంటోంది. కొన్నిచోట్ల పార్టీ హాలుకు ఒక్కరోజు ఈవెంట్ పర్మిట్ తెచ్చి బీర్లు పెడుతున్నారు.

మా పెద్దమ్మాయి క్లాస్‌మేట్ పుట్టినరోజుకు అలాంటి చోటికే వెళ్లాం. దాని పేరు రాయను, ఎందుకంటే ఇది ఏదో ఒక్కచోటి మీద ఫిర్యాదు కాదు. గేటు దగ్గర పిల్లలకు గ్రిప్ సాక్సులు తొడిగారు, చేతికి కాగితపు బ్యాండ్ కట్టారు, నా చేత ఒక ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. పిల్లలను కనిపెట్టుకునే బాధ్యత పూర్తిగా వెంట వచ్చిన పెద్దలదేనని, దెబ్బ తగిలితే యాజమాన్యానికి సంబంధం లేదని అందులో ఉంది. లోపలికి వెళ్లి చూస్తే, సంతకాలు పెట్టి వచ్చిన ఆ పెద్దలకే టేబుళ్ల దగ్గర బీరు పోస్తున్నారు.

ట్రాంపోలిన్ల దగ్గర ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు విజిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఒక బాబు, నాలుగేళ్లుంటాయేమో, ఫోమ్ ముక్కల గుంటలో నడుం దాకా కూరుకుపోయి ఏడుస్తున్నాడు. పైనుంచి పెద్ద పిల్లలు దూకుతున్నారు. కుర్రాడు విజిల్ ఊది వాళ్లను ఆపాడు, బాబును పైకి లాగాడు, టేబుళ్ల వైపు తిరిగి "ఈ బాబు ఎవరి బాబు సార్?" అని అరిచాడు. మళ్లీ అరిస్తే గానీ తండ్రి లేవలేదు. వచ్చి, "ఏం కాలే కదా, ఎందుకట్ల అరుస్తవ్?" అని ఆ కుర్రాడి మీదే గరమయ్యాడు. బాబు తండ్రి దగ్గరికి పోకుండా కుర్రాడి టీషర్టే పట్టుకుని ఉన్నాడు. తల్లి అప్పుడు చంటిపాపకు డైపర్ మార్చడానికి వెళ్లింది.

ఆయన తూలడం లేదు. ఒకటో రెండో బీర్లు తాగి ఉంటాడు. మామూలు రోజుల్లో మంచి తండ్రే అయి ఉంటాడు కూడా. నా భయం సరిగ్గా అక్కడే ఉంది. తాగి పడిపోయే మనిషిని ఎవరైనా గుర్తుపట్టి బయటికి పంపిస్తారు. చూపూ కాలూ కొంచెం నెమ్మదించిన మనిషిని పక్కవాళ్లు గుర్తుపట్టరు, ఆయనకూ తెలియదు. ఇక ఆ కుర్రాడి సంగతి ఆలోచించండి. తెచ్చుకునేది నెలజీతం, ఎదురుగా ఉన్నది డబ్బు కట్టిన కస్టమర్. "సార్, మీరు తాగి ఉన్నారు, ఇటు రావద్దు" అనగలడా? అలా అనమని ఆ కుర్రాడికి ఎవరైనా చెప్పారా?

దీనికి నాకు వచ్చే జవాబు ఒకటుంది. ఇంట్లో దావత్ చేసుకుంటే పిల్లలుండరా, రెస్టారెంటుకు పిల్లల్ని తీసుకెళ్లి పెద్దలు బీరు తాగడం లేదా అంటారు. ఉంటారు, తాగుతారు. ఇంటి దావత్‌లో అమ్మమ్మ ఉంటుంది, పెద్దమ్మ ఉంటుంది, పక్కింటి ఆంటీ ఉంటుంది. ఒకరు చూడకపోతే ఇంకొకరు చూస్తారు. రెస్టారెంట్లో పిల్లాడు మన పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. గేమ్ జోన్లో పిల్లలు కన్నుమూసి తెరిచేలోపు కనిపించకుండా పోతారు. నెట్లు ఎక్కుతారు, సొరంగాల్లో దూరుతారు, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య పరుగెత్తుతారు. ఆ జనంలో నా బిడ్డ ఎరుపు చొక్కా ఎక్కడుందో వెతుక్కునే కళ్లు నావి మాత్రమే. అక్కడికి వెంట వచ్చిన పెద్దమనిషి కాపలా కోసం వచ్చినట్టు. ఆ యాజమాన్యమే ఆ మాట రాసి సంతకం తీసుకుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఆడవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కౌంటర్ తెరిచాక మగవాళ్లు అటు చేరతారు, కాపలా మొత్తం తల్లుల మీద పడుతుంది. ఇద్దరు పిల్లలుంటే ఒకరి వెంట ఉరికితే ఇంకొకరు కనపడరు. ఆ రోజు మేం ఏడెనిమిది మంది తల్లులం కేకు కోసేదాకా కూర్చోనేలేదు.

చట్టాల వైపు నుంచి చూసినా ఇది పొసగడం లేదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. పిల్లలకు మద్యం ఇచ్చినవాళ్లకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. బడికి, గుడికి ఎంత దూరంలో ఉందో కొలిచి మద్యం దుకాణానికి లైసెన్సు ఇస్తారు. 2022 మేలో జూబ్లీహిల్స్ పబ్బులో మైనర్ల పార్టీ తర్వాత ఒక బాలికపై జరిగిన సామూహిక అత్యాచారం చూసి, మైనర్లను పబ్బుల్లోకి రానిస్తే ఊరుకోమని అధికారులు గట్టిగా హెచ్చరించారు. అంటే పిల్లలు పబ్బు మెట్లెక్కకూడదని మనం ఒప్పుకున్నాం. మరి పబ్బే పిల్లల దగ్గరికి వస్తుంటే ఆపే రూలు ఏది? బడి బయట దూరం కొలిచే ప్రభుత్వం, ఆదివారం అదే పిల్లలు చేరే హాలు లోపల ఎందుకు కొలవదు?

2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్లో మంటలు లేచి 27 మంది చనిపోయారు. వేసవి సెలవులు, శనివారం, తగ్గించిన టికెట్ ధర, లోపల నిండా పిల్లలు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది, ఆ ప్రమాదానికి మద్యంతో ఏ సంబంధమూ లేదు. ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండా నడిపిన నిర్లక్ష్యం అది. నేను దాన్ని గుర్తుచేసేది వేరే కారణానికి. ఆ రోజు తర్వాత పిల్లల్ని తీసుకుని ఏ గేమ్ జోన్‌కు వెళ్లినా ముందు రెండో తలుపు ఎక్కడుందో చూసుకుంటున్నాను. కరెంటు పోయి, పొగ కమ్ముకుంటే, అంత చిన్నపిల్లలు తమంతట తాము బయటికి రాలేరు. ఒక్కొక్కరినీ ఎవరో ఒక పెద్దమనిషి చెయ్యి పట్టి లాక్కురావాలి. అలాంటప్పుడు ఆ హాల్లోని పెద్దల్లో సగం మంది తాగి ఉన్నారంటే ఏ ఫైర్ డ్రిల్లు పనికొస్తుంది?

పార్టీ అయ్యాక ఇంటికి పోవడం ఇంకో గండం. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం, మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నాలుగేళ్లలోపు పిల్లల్ని బైక్ మీద ఎక్కించుకుంటే గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన కూడా తెచ్చింది. రోడ్డు మీద బిడ్డ కోసం అంత ఆలోచించిన ప్రభుత్వాలే, ఆ బిడ్డను ఇంటికి తీసుకెళ్లాల్సిన మనిషికి బిడ్డ ఆడుకునే చోటే గ్లాసు అందించడానికి పర్మిట్ ఇస్తున్నాయి. మందు లేకపోతే అసలు నడవదు అనుకోవడానికి ఇదేమైనా బారా?

నడవదనే యజమానులు అంటున్నారు. మాల్స్‌లో అద్దెలు భరించలేం, వారమంతా ఖాళీ, శని ఆదివారాలే ఆదాయం అంటారు. ఆ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ రావిర్యాలలోని వండర్‌లా 2016 నుంచి నడుస్తోంది, పార్కులో మద్యం ఉండదు, తాగి వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు. అయినా సెలవు వస్తే అక్కడ క్యూ తప్పదు. తల్లిదండ్రులు కూర్చోవడానికి మంచి చోటు, మంచి చాయ్, వేడివేడి దోశ పెడితే డబ్బు పెట్టేవాళ్లం మేమే.

విదేశాల్లో లేదా అని కూడా అడుగుతారు. ఉంది. అమెరికాలో మనవాళ్లు పిల్లల పుట్టినరోజులు చేసే చక్ ఈ చీజ్ అనే పిజ్జా, ఆటల రెస్టారెంట్ శాఖలు చాలావాటిలో బీరు, వైన్ దొరుకుతాయి. అక్కడి పార్టీల్లో పెద్దలు కొట్టుకుంటే పోలీసులు వచ్చిన వార్తలు కూడా ఎన్నోసార్లు వచ్చాయి. మద్యం ఒక్కటే కారణమని నేననను. కానీ ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో, మత్తెక్కిన మనిషికి ఇంకా పోసి పంపితే, ఆయన చేసిన నష్టానికి పోసినవాళ్లను కూడా కోర్టుకు లాగవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం నాలుగు లక్ష్యాలు పెట్టుకుంటే, పిల్లల్ని హాని నుంచి కాపాడటం అందులో ఒకటి. లైసెన్సు ఇచ్చే అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. వాళ్ల బీరు కౌంటర్ మాత్రం తెచ్చుకుని, దాని వెనక ఉన్న జవాబుదారీని అక్కడే వదిలేసి రావడం న్యాయం కాదు.

గీత గీయడం కష్టమని అధికారులు మీకు చెప్పవచ్చు. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం కల్యాణ మండపాల్లో, స్టేడియాల్లో మద్యానికి ప్రత్యేక లైసెన్సులు తెచ్చింది. జనం తిరగబడేసరికి కల్యాణ మండపాలను వెంటనే ఆ జాబితాలోంచి తీసేసింది. ప్రభుత్వం తలుచుకుంటే ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు అని తేల్చగలదు.

నేను అడిగేవి పెద్ద పనులు కావు. బార్ లైసెన్సుకు గానీ, ఈవెంట్ పర్మిట్‌కు గానీ దరఖాస్తు వస్తే, ఆ చోట పిల్లలకు టికెట్లు అమ్ముతారా, పిల్లల ఆట పరికరాలు ఉన్నాయా అని అడగండి. ఉంటే అనుమతి ఇవ్వకండి. పిల్లల పుట్టినరోజుకు గేమ్ జోన్లో ఈవెంట్ పర్మిట్ అసలే వద్దు. ఒకే మాల్‌లో ప్లే ఏరియా, బార్ రెండూ ఉంటే తలుపులు వేరుగా ఉండాలి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దారి ఉండకూడదు. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు నడిపే బౌలింగ్ సెంటర్లున్నాయి. వాళ్లకు వేళలు విడగొట్టండి, మద్యం మొదలయ్యాక పిల్లలకు ప్రవేశం ఉండొద్దు. విజిల్ పట్టుకున్న ఆ కుర్రాడిలాంటి ఉద్యోగులకు, తాగిన మనిషిని ఆట దగ్గరికి రాకుండా ఆపే హక్కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇక పర్యాటక మంత్రిగా ఇంకొకటి: 2025లో మీరు తెచ్చిన కొత్త పర్యాటక విధానం కింద వచ్చే వినోద కేంద్రాల ఒప్పందాల్లోనే ఈ షరతులు పెట్టించండి. కట్టాక ఆపడం కన్నా కట్టకముందు చెప్పడం వాళ్లకూ మంచిదే.

డిసెంబర్ దగ్గర పడితే న్యూ ఇయర్ ఈవెంట్ల పోస్టర్లు మొదలవుతాయి. ఒకే పోస్టర్ మీద అన్‌లిమిటెడ్ లిక్కర్ అని, కింద కిడ్స్ జోన్ అని ఉంటుంది. ఫ్యామిలీ పాసు ధర కూడా అక్కడే ఉంటుంది. ఆ పర్మిట్ల ఫైళ్లు మీ శాఖ అధికారుల దగ్గరికే వస్తాయి. ఈసారి అవి రాకముందే ఉత్తర్వు ఇవ్వండి: కిడ్స్ జోన్ పెడితే లిక్కర్ పర్మిట్ లేదు, లిక్కర్ పర్మిట్ కావాలంటే కిడ్స్ జోన్ లేదు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
మియాపూర్, హైదరాబాద్