ఆగస్టు బుట్టల్లోని వంకాయలు మన తోటవి కావు

ముందే డబ్బు కట్టి, ప్రతి శనివారం పంటలో వాటాగా కూరగాయల బుట్ట తీసుకునే మన తోట సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం మీకు సెప్టెంబరులోనే అందాల్సింది. శనివారం బుట్టలో పెట్టే చీటీ మీదే రాసేద్దామని మూడుసార్లు కూర్చుని మూడుసార్లూ లేచిపోయాను. నాలుగు వరుసల్లో చెప్పి దులుపుకునే విషయం కాదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు రెండో శనివారం, మూడో శనివారం మీ ఇళ్ళకు వచ్చిన బుట్టల్లో వంకాయలు, టమాటలు మనం పండించినవి కావు. మార్కెట్లో కొన్నవి. 96 బుట్టలు, బుట్టకు అరకిలో లెక్కన రెండు వారాలకు కలిపి దాదాపు క్వింటాలు వంకాయ, అంతే టమాట. వాటి మీద ఏ మందులు ఎన్నిసార్లు కొట్టారో నాకు తెలియదు. కొట్టే ఉంటారు. కొందామన్న నిర్ణయం నాది. కోతకు వచ్చే అక్కలకు గానీ, వ్యాన్ నడిపే తమ్ముడికి గానీ దీంతో సంబంధం లేదు. "వద్దు మేడం, తెలిస్తే బాగుండదు" అన్నది కూడా వాళ్ళే. నేను వినలేదు.

ఎందుకలా చేశానో చెప్తాను. సాకులుగా తీసుకోవద్దు, జరిగింది జరిగినట్టు మీకు తెలియాలి.

జులై చివరి వారంలో పట్టిన ముసురు ఆగస్టు మూడో వారం దాకా వదల్లేదు. జహీరాబాద్ వైపు నేలలు ఎక్కువగా ఎర్ర చెలకలే, నీళ్ళు నిలవవు అని మీకు చాలాసార్లు చెప్పాను. అది నిజమే కానీ కూరగాయలు వేసే దిగువ ఎకరంన్నర కుంట పక్కన నల్లరేగడి. ఎండాకాలంలో తేమ నిలుస్తుందని అక్కడ మడులు కట్టాం. వానల్లో అదే ముంచింది. వాన తెరిపిచ్చినా మూడు రోజుల దాకా కాలు పెట్టనివ్వలేదు. టమాట వేరు కుళ్ళి, నిలబడ్డ మొక్క నిలబడ్డట్టే వాలిపోయింది.

వంగది ఇంకో కథ. వంగ తోటకు అసలు శత్రువు మొవ్వు, కాయ తొలిచే పురుగు. ముందు లేత మొవ్వులోకి దూరుతుంది, ఆ కొమ్మ చివర తల వాల్చేస్తుంది. తర్వాత కాయలోకి పోతుంది. పోయిన దారిని తన రెట్టతోనే మూసుకుంటుంది కాబట్టి పైకి సూదిమొన అంత మచ్చ తప్ప ఏమీ కనబడదు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం నిలిపేసిన, జన్యువు మార్చిన బీటీ వంకాయ గుర్తుందా, దాన్ని తయారు చేసింది ఈ ఒక్క పురుగు కోసమే. అంత మొండిది. మందుల్లేకుండా దీన్ని అదుపులో పెట్టాలంటే రోజూ తోటలో తిరిగి వాడిన మొవ్వునల్లా తుంచి కాల్చేయాలి, మగ పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టాలి, వేప కషాయం కొడుతూ ఉండాలి. బురదలో ఆడవాళ్ళు దిగలేకపోయారు, మొవ్వలు తుంచలేదు. పొద్దున కొట్టిన కషాయం మధ్యాహ్నం వానకు కడుక్కుపోయింది. పదిహేను రోజుల్లో తోట మొత్తం దాని పాలైంది.

ఇంతవరకు రైతు అన్నాక మామూలే. నేను తప్పు దారి పట్టింది ఆ తర్వాత. జులైలో వరసగా మూడు వారాలు సొరకాయ, గోంగూర, తోటకూరే పంపాం. "మళ్ళీ సొరకాయేనా?" అని చాలామంది అడిగారు. అందులో తప్పేం లేదు, అడగాలి కూడా. కానీ పోయిన సంవత్సరం 110 కుటుంబాలుగా ఉన్న మనం ఈ వానకాలానికి 96కి వచ్చాం. ఆగస్టులో కూడా సొరకాయే వెళ్తే ఇంకెంతమంది మానేస్తారో అని టెన్షన్ పట్టుకుంది. ఆ టెన్షన్‌లో శుక్రవారం సాయంత్రం వ్యాన్ తీసుకుని మార్కెట్‌కు వెళ్ళాను.

బయటపెట్టింది ఎవరో తెలుసా? ఆదివారం తోటలో క్లాసుకు వచ్చే మన పిల్లల్లో ఒక పాప, తొమ్మిదేళ్ళుంటాయి.

పిల్లలకు మనం తోట పుస్తకం ఇస్తాం కదా. ఆగస్టు మొదటి ఆదివారం గొడుగులు పట్టుకుని గట్టు మీద నుంచే గట్టు వార వరసలో 42 వంగ మొక్కలు లెక్కపెట్టారు. 31 మొక్కలకు మొవ్వు వాలిపోయి ఉంది. మంచి కాయలు ఏడు. అంతా పుస్తకంలో రాసుకున్నారు. తర్వాతి శనివారం ఆ పాప వాళ్ళింటికి బుట్ట వెళ్ళింది. ఆదివారం వచ్చి, పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి అడిగింది: "ఆంటీ, ఏడు కాయలే ఉన్నాయి కదా. మా ఒక్క బుట్టలోనే ఎనిమిది వచ్చాయి. అందరికీ ఎక్కడివి?"

"ఇంకో మడి ఉందమ్మా, అవతల" అన్నాను.

తను సరేనని పెన్సిలుతో రాసుకుంది, "అవతల ఇంకో మడి ఉంది" అని. చూసింది చూసినట్టు రాయాలి, చూడనిది రాయకూడదు అని ఆ పుస్తకం మొదటి పేజీలో నేనే రాయించాను. అంత జరిగాక కూడా ఆ వారం మళ్ళీ మార్కెట్‌కు వెళ్ళానంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు, కానీ వెళ్ళాను. ఆ శనివారం బుట్టలు వెళ్ళాక ఆదివారం పిల్లల క్లాస్ పెట్టలేకపోయాను. వాన అని మెసేజ్ పెట్టాను. ఆ రోజు వాన లేదు.

నాలుగో శనివారం మార్కెట్‌కు వెళ్ళలేదు. మీకు సగం బుట్టే వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి ఆదివారం పిల్లలందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, అవతల మడి లేదని, కాయలు కొన్నానని, అబద్ధం చెప్పానని చెప్పాను. ఆ పాప ఏమీ అనలేదు, పుస్తకం తీసి ఆ వాక్యం కొట్టేసింది. పిల్లలు ఇంటికొచ్చి మీకు చెప్పే ఉంటారు. కొంతమంది ఫోన్ చేశారు, కొంతమంది నా అంతట నేను చెప్తానని ఆగారు. ఆగిన వాళ్ళకే నేను ఎక్కువ బాకీ ఉన్నాను.

మనది పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే సేంద్రియ పంట సర్టిఫికెట్ అని మీకు తెలుసు. ఎక్కడి నుంచో ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇచ్చేది కాదది. చుట్టుపక్కల రైతులు కనీసం ఐదుగురు బృందంగా ఏర్పడి, ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మన బృందంలో తొమ్మిది మందిమి, ఇంకా సేంద్రియానికి మారే దశలోనే ఉన్నాం కాబట్టి మనకున్నది పీజీఎస్-గ్రీన్. సెప్టెంబరు మీటింగులో అందరి ముందు ఈ సంగతి చెప్పాను. బృందంలో పెద్దాయన ఒకరు చాలాసేపు తల వంచుకుని కూర్చుని, "చెలకల కాయ లేకుంటే లేదని చెప్పరాదా బిడ్డా, ఆళ్ళకు వాన కానొస్తలేదా?" అన్నారు. వచ్చే తనిఖీ అయ్యేదాకా మన సంచుల మీద పీజీఎస్ గుర్తు వేయకూడదని బృందం తీర్మానించింది. అందుకే అక్టోబరు నుంచి మీకు గుర్తు లేని సంచులు వస్తున్నాయి.

ఆ రెండు వారాల డబ్బు, కుటుంబానికి 900 రూపాయలు, నవంబరు నెలాఖరులోపు మీ ఖాతాల్లో వేస్తున్నాం. మొత్తం 86,400. డ్రిప్ పైపులు మార్చడానికి దాచిన డబ్బు అది. పైపులకు ఇంకో సంవత్సరం అతుకులు వేసుకుంటాం. "పర్లేదు, ఉంచుకోండి" అని కొందరు ఇప్పటికే అన్నారు. మీ మనసుకు దండం, కానీ ఈ డబ్బు మాత్రం తీసుకోండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం అసలు పద్ధతి మరోసారి. మీరు మా దగ్గర కూరగాయలు కొనట్లేదు, పంటలో వాటా తీసుకుంటున్నారు. ఆరు నెలలకు, అంటే 26 బుట్టలకు, ముందే 11,700 కడతారు. విత్తనం పడకముందే డబ్బు చేతిలో ఉంటుంది కాబట్టి మేం వడ్డీకి అప్పు తేవక్కర్లేదు. పంట బాగుంటే బుట్ట బరువు, దెబ్బతింటే బుట్ట తేలిక. జపాన్‌లో 1970ల్లో రైతులూ గృహిణులూ కలిసి ఇదే పని మొదలుపెట్టారు, తెయికెయ్ అంటారు. అమెరికాలో 1986లో తొలి తోటలు రెండు ఇలా మొదలయ్యాయి. ఎక్కడైనా ఇది నడిచేది రైతు నిజం చెప్తాడన్న ఒక్క నమ్మకం మీదే. నష్టం పంచుకోవడానికి మీరు ముందే ఒప్పుకుని డబ్బు కట్టారు. నేనే ఆ నష్టాన్ని మీకు చూపించకుండా దాచాను.

మీరు బుట్టకు కట్టే 450 ఎటు పోతుందో కూడా చెప్తాను, చాలాకాలంగా అడుగుతున్నారు. కూలీ 210, వ్యాన్ 85, విత్తనాలు, ఎరువు, ఆవుల మేత 60, కౌలు 40, పిల్లల ఆదివారానికి 40, సంచులు 15. మనది సొసైటీ కాబట్టి లాభం పంచుకునే పని లేదు, మిగిలేదీ లేదు. జనవరి నుంచి బుట్ట 480 అవుతుంది. పెరిగే 30లో 20 అక్కల కూలీకి, 10 వ్యాన్‌కు. రెండేళ్ళుగా వాళ్ళ కూలీ పెంచలేదు. ఇంతకన్నా ఆపలేను.

పిల్లల క్లాసులకు 40 రూపాయలు ఎందుకు, అది తీసేసి బుట్ట తగ్గించొచ్చుగా అని ఒకరిద్దరు అడిగారు. తీయను. ఈ తోట మొదలుపెట్టకముందు మాచ్‌నూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నడిపిన పచ్చసాలె అనే బడి చూసొచ్చాం. అక్కడ చదువూ చేతిపనీ ఒకటిగానే నేర్పేవారు. సంక్రాంతి నుంచి ఊరూరా ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి తిప్పే పాత పంటల జాతర కూడా చూశాం. మన దగ్గరా పిల్లలు ఇలా పెరగాలనిపించింది.

అక్టోబరులో ఒక ఆదివారం బొబ్బర తీగ మీద పేనుబంక పట్టింది. కొమ్మ చివర అంతా నల్లటి పేలు, మధ్యలో చీమలు. అక్కడే ఒక పురుగు కనబడింది. బియ్యపు గింజంత, నల్లటి ఒళ్ళు, వెన్ను మీద నారింజ మచ్చలు, ఆరు కాళ్ళు, అచ్చం చిన్న మొసలి. ఒక బాబు చెప్పు తీశాడు. ఆగరా, ముందు చూద్దాం అని భూతద్దం ఇచ్చాను. ఆ మొసలి ఒక పేనును పట్టి పైకెత్తింది. పేను కాళ్ళు కాసేపు ఆడాయి, తర్వాత ఆగాయి, చివరికి పొట్టు మిగిలింది. వెంటనే ఇంకోటి పట్టింది. చీమలు వచ్చి దాన్ని కరిచి తరిమేయబోయాయి. పేనుబంక వదిలే తీపి నీళ్ళ కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. పదిహేను మంది పిల్లలు అరగంట కదల్లేదు. అది అక్షింతల పురుగు పిల్ల అంటే ఒక్కరూ నమ్మలేదు. అక్షింతల పురుగు ఎర్రగా గుండ్రంగా ఉంటుంది కదా అన్నారు. సీసాలో వేసి పేనుబంక కొమ్మలు పెట్టి ఉంచాం. తొమ్మిదో రోజుకు ఎర్రటి పురుగు బయటికి వచ్చింది. చెప్పు తీసిన బాబే దాన్ని తీసుకెళ్ళి తీగ మీద వదిలాడు.

ఇందులో కూడా ఒక లోటు ఉంది. ఊరి సర్కారు బడి పిల్లలు ఇరవై మంది నెలకు రెండుసార్లు ఉచితంగా వస్తారని మీకు చెప్పాం. జులై నుంచి వాళ్ళు రెండుసార్లే వచ్చారు. ఆటో ఖర్చు మేం భరిస్తామని చెప్పి, వానల గొడవలో పట్టించుకోలేదు. పట్నం పిల్లలకు తుమ్మికూర, గంగవాయిలి, దొగ్గలి చూపించి ఏది తినాలో, ఏది తినకూడదో నేర్పింది ఆ పిల్లలే. డిసెంబరు నుంచి ఆటో డబ్బు ముందే బడికి ఇచ్చేస్తున్నాం.

ఇక వచ్చే వానకాలం సంగతి. దిగువ ఎకరంన్నరలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా టమాట, వంగ వేయం. అక్కడ జనుము వేసి కలియదున్నుతాం. కూరగాయలు పైన ఎర్ర చెలకలో ఎత్తు మడుల మీద వేస్తాం, నీళ్ళు పోవడానికి చుట్టూ కాలువ తవ్వడం మొదలైంది. ఈసారి వచ్చే కందులు, జొన్నలు కొంత దాచి, ఆగస్టులో కూరలు తగ్గిన వారం కిలో కందిపప్పు పెడతాం. మడిలో వాటంతటవే మొలిచే ఆకుకూరలు ఇంకా ఎక్కువ పంపుతాం. వండడం తెలియకపోతే అడగండి, మా అక్కలు చెప్తారు. బుట్టలో పెట్టే చీటీలో ఇకనుంచి ప్రతి కూర పక్కన ఎక్కడిదో ఉంటుంది: మన తోటదా, బృందంలో ఏ ఊరి రైతుదా అని. ఈ రెండూ కానిది బుట్టలో పెట్టం.

ఈ శనివారం బుట్టలో పాలకూర, మెంతికూర, ముల్లంగి, చిక్కుడు, పచ్చిమిర్చి మన తోటవి. అల్లం, ఆలుగడ్డ బృందంలోని రైతులవి. వంకాయ లేదు, కొత్త నారు ఇప్పుడే నాటుకుంది, సంక్రాంతికి వస్తుంది. పోయిన వారాల ఖాళీ సంచులు వ్యాన్ తమ్ముడికి ఇచ్చేయండి. డిసెంబరు రెండో ఆదివారం కాలువ తవ్వకం ఉంది, పలుగు, పార మా దగ్గరే ఉన్నాయి. వచ్చేవాళ్ళు ముందు రోజు చెప్తే అన్నం వండుతాం.