నిరుటి బౌండరీలతో పిల్లల్ని తూచకండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో సైన్స్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇక్కడికి రాకముందు కృష్ణా జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని. ఇంగ్లండ్ పరీక్షల సంగతి తెలుగు పత్రికకు రాయడమేంటని అనుకోవచ్చు. ఇక్కడి తెలుగు పిల్లల టెన్షన్‌లో కొంత అక్కడి నుంచే వస్తోంది, అందుకని రాస్తున్నాను. ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్య అడిగే మొదటి ప్రశ్న, "నూటికి ఎన్ని వస్తున్నాయిరా?" అని. పిల్లవాడు "అరవై అయిదు" అంటాడు. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత "అంతేనా?" అంటారు. ఆ "అంతేనా" గురించే ఈ ఉత్తరం.

మన పదో తరగతిలో గ్రేడ్లు ఉన్నన్నాళ్లూ 91 వస్తే ఏ1, 81 వస్తే ఏ2. పేపరు కష్టంగా వచ్చినా తేలిగ్గా వచ్చినా ఆ గీత కదిలేది కాదు. ఇప్పుడు రెండు రాష్ట్రాలూ మళ్లీ మార్కులకు వచ్చేశాయి కానీ, తొంభై దాటితేనే బాగా చదివినట్టు అన్న లెక్క మాత్రం మన బుర్రల్లోంచి పోలేదు. ఇంగ్లండ్‌లో పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈలో గ్రేడ్లు 9 నుంచి 1 దాకా, 9 అన్నిటికన్నా పైది. ఏ గ్రేడుకు ఎన్ని మార్కులు కావాలో చెప్పే గీతను గ్రేడ్ బౌండరీ అంటారు. ఆ గీత ముందుగా గీయరు. మే, జూన్‌లలో పరీక్షలు జరుగుతాయి. పేపర్లు దిద్దడం అయ్యాక సీనియర్ ఎగ్జామినర్లు జవాబు పత్రాలూ, పాత ఏళ్ల గణాంకాలూ ముందు పెట్టుకుని, ఈ ఏడాది పేపరుకు 9 ఎక్కడ, 7 ఎక్కడ, 4 ఎక్కడ అని తేలుస్తారు. పైనుంచి ఆఫ్‌క్వాల్ అనే నియంత్రణ సంస్థ చూస్తుంటుంది. పేపరు గట్టిగా వస్తే గీత కిందికి దిగుతుంది, తేలికైతే పైకెక్కుతుంది. ఆ అంకెలు పిల్లలకు తెలిసేది ఆగస్టులో, ఫలితాల రోజునే. మేలో పరీక్ష రాయబోయే పిల్లవాడితో ఏప్రిల్‌లో బౌండరీల లెక్కలు కట్టించడం వాన పడకముందే చెరువు మట్టం కొలవడం లాంటిది.

మార్కుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది. ఎక్కువ మంది పిల్లలు తీసుకునేది కంబైన్డ్ సైన్స్. పరీక్షలు పెట్టే బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏలో అయితే బయాలజీ రెండు పేపర్లు, కెమిస్ట్రీ రెండు, ఫిజిక్స్ రెండు, వెరసి ఆరు. ఒక్కోటి గంటంపావు, 70 మార్కులకు. ఆరూ కలిపి 420. ఆ మొత్తం మీద 9-9 నుంచి 1-1 దాకా జంట గ్రేడు ఇస్తారు, అది రెండు సబ్జెక్టుల కింద లెక్క. మూడు సైన్సులూ విడివిడిగా తీసుకున్న పిల్లలకు సబ్జెక్టుకు రెండేసి పేపర్లు, నూరేసి మార్కులు. పై గ్రేడ్ల కోసం రాసే హయ్యర్ రకం కంబైన్డ్ పేపర్లలో 420కి దాదాపు మూడింట రెండు వంతులు తెచ్చుకున్న పిల్లలకు 9-9 వచ్చిన ఏళ్లున్నాయి. అంటే తాతయ్య "అంతేనా" అన్న ఆ అరవై అయిదు, ఈ దేశంలో బాగా చదివే పిల్లల్లోనూ ముందు వరసలో ఉన్నవాళ్ల మార్కులకు దగ్గర్లో ఉన్నట్టు. మెచ్చుకోవాల్సిన చోట పిల్లవాడు తల దించుకుని ఫోను వాళ్లమ్మకు ఇచ్చేసి లోపలికి వెళ్లిపోతున్నాడు.

మా స్కూల్లో పదకొండో ఇయర్ చదివే తెలుగు అబ్బాయి ఒకడున్నాడు. స్కూల్లో నన్ను "మిస్" అంటాడు, ఉగాది వేడుకల్లో కనిపిస్తే "ఆంటీ" అంటాడు. మాక్ పరీక్షలయ్యాక ఒక సాయంత్రం నేను బీకర్లు కడుగుతుంటే ప్రెప్ రూమ్ గుమ్మంలోకి వచ్చి ఫోను చూపించాడు. 2018 నుంచి పరీక్షలు జరిగిన ప్రతి ఏడాది బౌండరీలూ పట్టికగా రాసుకున్నాడు. "మిస్, ఒక ఏడాది లెక్కన నాకు 7-7, ఇంకో ఏడాది లెక్కన 7-6. ఏది నమ్మాలి?" అన్నాడు. వాడి కళ్లకింద నల్లటి చారలు. రాత్రి ఒంటిగంట దాకా ఆ పట్టిక వేసుకున్నాడట. అంత సేపూ ఎలక్ట్రాలిసిస్ చదువుకుని ఉంటే ఎంత బావుండేదని నాకు కడుపు తరుక్కుపోయింది.

ఆ పట్టికను నమ్మలేకపోవడానికి కారణం ఉంది. కోవిడ్ వల్ల 2020లో, 2021లో మామూలు పరీక్షలే జరగలేదు. టీచర్ల అంచనాల మీద గ్రేడ్లు ఇవ్వడంతో అవి బాగా పెరిగాయి. 2022లో పరీక్షలు మళ్లీ పెట్టినా గ్రేడ్లను మధ్యస్థంగా ఉంచారు. 2023కు వచ్చేసరికి 2019 నాటి స్థాయికి దగ్గరగా తెచ్చారు. కాబట్టి 2022 అంకెలు చూసి ధైర్యం తెచ్చుకోవడం, ఇంకో ఏడాది అంకెలు చూసి దిగులుపడటం, రెండూ దండగే. ఇంకో సంగతి. గీత గీసేటప్పుడు ఆ బ్యాచ్ పిల్లలు పదకొండేళ్లప్పుడు, ప్రైమరీ స్కూలు చివర్లో రాసిన శాట్స్ అనే పరీక్షల మార్కుల్ని కూడా ఆధారంగా తీసుకోవడం ఆనవాయితీ. ఆ శాట్స్ 2020లో, 2021లో రద్దయ్యాయి. దాంతో 2025, 2026 బ్యాచ్‌లకు ఆ ఆధారమే లేకుండా పోయింది. బోర్డుల దగ్గరే ఆ లెక్క లేనప్పుడు, ఇంట్లో కూర్చుని మనం కట్టే లెక్కకు ఏం విలువ?

ఇంటర్నెట్‌లో "ఈ ఏడాది బౌండరీలు ఇవే" అని వీడియోలు పెడుతున్నారు. ఏ బోర్డూ పరీక్షకు ముందు బౌండరీ చెప్పదు. చెప్పడానికి వాళ్ల దగ్గర ఉండదు కూడా. పేపర్లు లీకయ్యాయని డబ్బులు గుంజేవాళ్లూ ఉన్నారు. తల్లిదండ్రులు దయచేసి అటు పోకండి.

పిల్లల చేతిలో ఉన్నదేమిటో నా పనిలో నుంచే చెబుతాను. ఇక్కడ సైన్స్‌లో ప్రాక్టికల్స్‌కు విడిగా మార్కులు లేవు, ఇంటర్నల్స్ కూడా లేవు. కానీ రాత పరీక్షలో కనీసం 15 శాతం మార్కులు ప్రయోగాల మీదే ఉండాలని నియమం. ఏక్యూఏ కంబైన్డ్‌లో తప్పనిసరి ప్రయోగాలు 21. వాటన్నిటికీ ట్రేలు సర్దేది నేనే. అల్యూమినియం విశిష్టోష్ణం కనుక్కునే ప్రయోగం తీసుకోండి. కిలో బరువున్న లోహపు దిమ్మకు రెండు రంధ్రాలుంటాయి, ఒకదాంట్లో హీటర్, ఇంకోదాంట్లో థర్మామీటర్. థర్మామీటర్ రంధ్రంలో ముందు ఒక చుక్క నీళ్లు వేయాలి. వేడి బయటికి పోకుండా దిమ్మ చుట్టూ ఇన్సులేషన్ చుట్టాలి. పుస్తకంలో విలువ 900 దగ్గర ఉంటుంది, పిల్లలకు ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే వస్తుంది. "మిస్, తప్పొచ్చింది" అని దిగులుగా వస్తారు. "తప్పు రాలేదు నాన్నా, ఎందుకు ఎక్కువొచ్చిందో చెప్పు" అంటాను. హీటర్ ఇచ్చిన శక్తిలో కొంత గదిలోకి పోయింది, మనం అదంతా దిమ్మకే ఎక్కిందని లెక్కేశాం. ఆ చుక్క నీళ్లు ఎందుకంటే, థర్మామీటర్‌కీ లోహానికీ మధ్య గాలి ఉంటే వేడి సరిగ్గా అందదు. పరీక్షలో అడిగేవి సరిగ్గా ఇలాంటివే. బంగాళదుంప ముక్కల్ని చక్కెర ద్రావణంలోంచి తీశాక తూచే ముందు టిష్యూతో ఎందుకు అద్దాలి? పైన అంటుకున్న నీళ్లు కూడా బరువులోకి వస్తాయి కాబట్టి. చేత్తో చేసిన పిల్లవాడికి ఇవి ఊరికే గుర్తుంటాయి. వీడియోలో చూసి బట్టీ పట్టిన పిల్లవాడు ఆ రెండు మార్కులూ పోగొట్టుకుంటాడు. బౌండరీ పట్టిక ముందు గడిపిన ఒక గంటలో ఇలాంటి ప్రశ్నలు ఎన్ని చూసుకోవచ్చో లెక్కవేయండి. ఫిజిక్స్ సూత్రాల భయం కూడా ఇప్పుడు తగ్గింది. 2022 నుంచి పరీక్షలోనే సూత్రాలన్నీ ఉన్న కాగితం ఇస్తున్నారు, 2027 దాకా ఇస్తామన్నారు. ఏ సూత్రం ఎక్కడ వాడాలో, యూనిట్లు ఎలా మార్చాలో తెలిస్తే చాలు.

ఇంకో మాట మన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ పేపర్లు రెండు రకాలు, ఫౌండేషన్, హయ్యర్. ఫౌండేషన్‌లో ఎంత బాగా రాసినా కంబైన్డ్‌లో 5-5కి మించి రాదు. హయ్యర్‌లో 9-9 దాకా ఉంది కానీ, 4-3 కన్నా కిందికి పోతే గ్రేడే రాదు. టీచర్ "మీ అబ్బాయికి ఫౌండేషన్ మంచిది" అంటే మనవాళ్లకు అది అవమానంగా ఉంటుంది. "హయ్యరే రాయించండి, మేం ట్యూషన్ పెట్టిస్తాం" అని పట్టుబడతారు. 2018లో కంబైన్డ్ సైన్స్ కొత్త పరీక్ష మొదటిసారి పెట్టినప్పుడు, హయ్యర్ రాయకూడని పిల్లలు చాలామంది హయ్యర్ రాశారు. వాళ్లకు గ్రేడే లేకుండా పోతుందని ఆఫ్‌క్వాల్ ఆ ఒక్క ఏడాదికి 3-3 ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ వెసులుబాటు మళ్లీ ఉంటుందని అనుకోకండి. పిల్లవాడి పుస్తకాలు చూసిన టీచర్ మాట వినండి. బంధువుల్లో ఎవరి అబ్బాయి ఏది రాస్తున్నాడో దాంతో మనకు పని లేదు.

పరీక్షలు నడుస్తుండగా జరిగేది ఇంకా బాధగా ఉంటుంది. ఒక పేపరు పాడవగానే ఇంటికొచ్చి "అయిపోయింది, ఇంక 7 రాదు" అని కూర్చుంటారు. కంబైన్డ్‌లో ఆరు పేపర్లూ కలిపి ఒకే మొత్తం. కెమిస్ట్రీలో పోయిన ఎనిమిది మార్కుల్ని బయాలజీలో తెచ్చుకోవచ్చు. పైగా ఆ పేపరు అందరికీ కష్టంగానే ఉంటే గీతే దిగుతుంది. ఇంట్లో ఆ రాత్రి ఈ రెండు మాటలు చెప్పి అన్నం పెట్టండి. "ఎన్ని పోయాయి, ఏ ప్రశ్న వదిలావు" అని కూర్చోబెట్టి లెక్క కట్టించకండి. ఇక ఆగస్టులో ఒక్క మార్కులో గ్రేడు తప్పితే దారి లేకపోలేదు. స్కూల్ ద్వారా మళ్లీ పరిశీలించమని అడగొచ్చు. ఫీజు కట్టాలి, గ్రేడు మారితే తిరిగిస్తారు. మార్కు తగ్గే అవకాశం కూడా ఉందని తెలిసే అడగాలి.

సంపాదకులకు నా విన్నపం ఒకటే. మన దగ్గర ఫలితాలు రాగానే పేజీలకు పేజీలు ర్యాంకుల ప్రకటనలు వస్తాయి. ఆ అంకెల మధ్యే పెరిగిన మనం, సముద్రాలు దాటొచ్చినా పిల్లల్ని ఆ అంకెలతోనే కొలుస్తున్నాం. మీ ప్రవాస తెలుగువారి పేజీలో, లేకపోతే చదువుల పేజీలో, జీసీఎస్ఈ గ్రేడ్లు ఎలా ఇస్తారో ఒక్కసారి సవివరంగా వేయండి. 4 అంటే పాసు, 5 అంటే గట్టి పాసు, 7 అంటే పాత పద్ధతిలో 'ఏ' (A) గ్రేడు మొదలయ్యే చోటు అని రాయండి. ప్లస్ టూ లాంటి 'ఏ-లెవెల్స్' (A Levels) చదువులో సైన్స్ తీసుకోవడానికి చాలా కాలేజీలు 6 గానీ 7 గానీ అడుగుతాయని, అందరికీ 9 అక్కర్లేదని రాయండి. గుంటూరులో, వరంగల్‌లో, కరీంనగర్‌లో మీ పత్రిక చదివే తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు పిల్లలకు చెడు కోరి అడగడం లేదు, ప్రేమతోనే అడుగుతున్నారు. ఏం అడగాలో తెలిస్తే అదే అడుగుతారు. "ఈ వారం ల్యాబ్‌లో ఏం చేశావురా?" అని అడిగితే ఆ అబ్బాయి అరగంట ఆపకుండా చెబుతాడు, నేను విన్నాను.

సైన్స్ పేపర్లు మే నెలలోనే మొదలవుతాయి. ఏప్రిల్‌లో వేస్తే పిల్లలు హాల్లోకి వెళ్లేలోపు ఇళ్లలో చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రెడింగ్, ఇంగ్లండ్